గొంతులోకి దిగే చేదు, ఛాతీ మీద బరువు: మైగ్రేన్ స్ప్రేతో నా అనుభవం

ముక్కులో కొట్టుకునే మందుకు రుచి ఉంటుందని నేను ఊహించలేదు. అదీ ఎలాంటి రుచి! కాకరకాయ, వేపపువ్వు, నేలవేము కషాయం, అన్నీ ఎరిగిన నాలుకే నాది. నా మైగ్రేన్ స్ప్రేలో ఉండే మందు సుమట్రిప్టాన్. దాని చేదు వేరు. అది నాలుక కొన దగ్గర కాకుండా గొంతు వెనక మొదలవుతుంది. మింగినకొద్దీ పైకి వస్తుంది. నీళ్ళు తాగినా, మజ్జిగ తాగినా పోదు. తలనొప్పి తగ్గాక కూడా చాలాసేపు వదలదు.

మందుపెట్టెలో మడతపెట్టి ఉన్న ఇంగ్లీషు కాగితంలో ఈ సంగతి లేకపోలేదు. దుష్ఫలితాల వరుసలో 'అరుచి' అని ఉంది. అదే వరుసలో, అదే సైజు అక్షరాల్లో గుండెపోటు కూడా ఉంది. 20 మిల్లీగ్రాముల డోసు మీద జరిగిన పరీక్షల్లో దాదాపు నాలుగో వంతు మంది అరుచి గురించి చెప్పారు. గుండెకు సంబంధించిన ప్రమాదమైతే చాలా అరుదు. కాగితం మాత్రం ఆ రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టింది. దేనికి ముఖం చిట్లించి ఊరుకోవాలో, దేనికి ఆటో ఎక్కి పరుగెత్తాలో తెలుసుకోవటానికి నాకు చాలా కాలం పట్టింది. ఎవరైనా తెలుగులో ముందే పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే అంత భయం ఉండేది కాదు. ఆ పది నిమిషాల మాటలే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టరును కాను. ఇది నా ఒంటికి జరిగిన సంగతి, మీ ఒంటి సంగతి మీ డాక్టరుతోనే తేల్చుకోవాలి.

నేను రాజమండ్రిలో గాత్ర సంగీతం నేర్పుతాను. సాయంత్రమైతే మా ముందుగదిలో పిల్లలు మాయామాళవగౌళలో సరళీ స్వరాలు పాడుతూ ఉంటారు. తలనొప్పి నాకు పెళ్ళికి ముందు నుంచీ ఉంది. కుడి కణత దగ్గర నాడి కొట్టుకోవటంతో మొదలై, కంటి వెనక్కి పాకి, వెలుతురు సహించదు, వాసన సహించదు, చివరికి శబ్దమే సహించదు. సంగీతం టీచరుకు శ్రుతిపెట్టె మోత కత్తిలా దిగుతోందంటే వినేవాళ్ళకు నవ్వు వస్తుంది. నాకు మాత్రం పిల్లలను మధ్యలో పంపించేయవలసి వచ్చేది.

ఇంట్లో వైద్యాలకు లోటు లేదు. శొంఠి గంధం పట్టు, తలకు గుడ్డ బిగించి కట్టటం, అమృతాంజనం. ఈ అమృతాంజనానికీ మా సంగీతానికీ ఒక పాత చుట్టరికం ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టినప్పుడు, సంగీత కచేరీల దగ్గర ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చెబుతారు. ఆ తరవాత అదే బొంబాయిలో ఆయన 1908లో 'ఆంధ్రపత్రిక' పెట్టారు. కచేరీకి వచ్చేవాళ్ళకు తలనొప్పి వస్తుందని ఆయన ఎలా కనిపెట్టారో కాని, పాడేవాళ్ళకు కూడా వస్తుంది. అమృతాంజనం నాకు చల్లగా ఉండేది, అంతే. నొప్పి దాని పని అది చేసుకుపోయేది.

టాబ్లెట్లు పనిచేయకపోవటానికి కారణం నాకు న్యూరాలజిస్టు (నరాల డాక్టరు) గారే చెప్పారు. మైగ్రేన్ వచ్చినప్పుడు జీర్ణాశయం కదలిక మందగిస్తుందట. మింగిన మాత్ర అక్కడే ఉండిపోతుంది, పేగుల్లోకి చేరి రక్తంలో కలవటానికి ఆలస్యమవుతుంది. ఈలోగా వాంతి. నా విషయంలో ప్రతిసారీ జరిగేది ఇదే: మాత్ర వేసుకున్న అరగంటకు మాత్రా బయటికే, నీళ్ళూ బయటికే. "మీకు ముక్కు ద్వారా ఇచ్చే మందు రాద్దామా?" అని ఆయన అడిగారు. మా ఇంట్లో ముక్కులోకి వెళ్ళిన పదార్థం అంతవరకూ మా తాతగారి నస్యం ఒక్కటే. ఆయనకు దానితో ఏ నొప్పి తగ్గేదో తెలియదు, పంచెలు మాత్రం పాడయ్యేవి.

అడిగారే కాని, వెంటనే రాయలేదు. ముందు నా వయసు, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగ అలవాటు, కుటుంబంలో గుండె జబ్బులు, అన్నీ ఆరా తీశారు. నాకు నలభై దాటాయి. మా నాన్నగారికి యాభైల్లోనే గుండెపోటు వచ్చింది. ఆ మాట చెప్పగానే ఆయన కలం పక్కన పెట్టేశారు. సుమట్రిప్టాన్ రక్తనాళాలను బిగిస్తుంది. మెదడు పొరల్లో ఉబ్బిన నాళాలను బిగించటమే దాని పని, నొప్పి సంకేతాలు పంపే నరాల కొనలను శాంతింపజేయటం రెండో పని. అయితే అది పట్టుకునే గ్రాహకాలు, అంటే ఒంట్లోని సెరటోనిన్ అనే రసాయనం సంకేతాన్ని అందుకునే చోట్లు, గుండె రక్తనాళాల్లో కూడా కొన్ని ఉన్నాయి. అందుకని గుండె నాళాల్లో అడ్డంకులు ఉన్నవారికి, పక్షవాతం వచ్చినవారికి, బీపీ అదుపులో లేనివారికి ఈ మందు ఇవ్వరు. నన్ను ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష, రక్త పరీక్షలకు పంపారు. తలనొప్పికి వెళ్ళి ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తి వచ్చానని మా అత్తగారు చాలా రోజులు అందరికీ చెప్పుకున్నారు.

పరీక్షలు బాగానే వచ్చాయి. అయినా మొదటి డోసు తమ ఎదుటే తీసుకోవాలని డాక్టరు గారు షరతు పెట్టారు. కుటుంబ చరిత్ర ఉన్నవాళ్ళకు అలా చేయటం మంచి పద్ధతేనని తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం విసుగేసింది. మైగ్రేన్ అపాయింట్‌మెంటు తీసుకుని వస్తుందా? దానవాయిపేటలో మా ఇంటి నుంచి ఆసుపత్రి దగ్గరే కావటం అదృష్టం. ఒక మధ్యాహ్నం కణత కొట్టుకోవటం మొదలవగానే మావారు ఆటో పిలిచారు. నెత్తిన ముసుగు కప్పుకుని, కళ్ళు మూసుకుని వెళ్ళాను.

అక్కడ జరిగింది వరసగా చెబుతాను, ఎందుకంటే ఆ క్రమం ఆ తరవాత కూడా పెద్దగా మారలేదు.

ముందు చేదు. నిమిషం కూడా పట్టలేదు. తరవాత ముక్కు లోపల కొంచెం మంట, కంట్లో నీళ్ళు. కాసేపటికి ముఖం, చెవులు వేడెక్కాయి. అరచేతుల్లో, నెత్తి మీద చీమలు పాకినట్టు తిమ్మిరి. మెడ వెనక కండరాలు బరువెక్కాయి. ఆ బరువు మెల్లగా దవడ దాకా, గొంతు దాకా, ఛాతీ పైభాగం దాకా వచ్చింది. నొప్పి కాదు, బరువు. సిస్టర్‌కు చెప్పగానే ఈసీజీ తీశారు. మార్పేమీ లేదు. బీపీ కొంచెం పెరిగింది, మళ్ళీ తగ్గింది. డాక్టరు గారు కాగితం చూసి, "ఇది ఈ మందు మామూలుగా చేసే పనే, కాసేపట్లో పోతుంది" అన్నారు. నిజంగానే పోయింది. అది పోయే సమయానికే, అసలు దేనికోసం వచ్చానో ఆ తలనొప్పి సగానికి దిగింది. ఇంకో గంటకు కళ్ళు తెరిచి కిటికీ వైపు చూడగలిగాను. ఇంటికి వచ్చి పడుకుంటే సాయంత్రం దాకా లేవలేదు. ఆ మగత మందుదో, మైగ్రేన్ వదిలాక వచ్చే నీరసమో విడదీసి చెప్పలేను.

ఆ అనుభవంతో ధైర్యం వచ్చిందనుకున్నాను. ఇంట్లో, రాత్రివేళ, డాక్టరు లేనప్పుడు అదే ఛాతీ బరువు వస్తే ఆ ధైర్యం ఎంతసేపు నిలుస్తుందో అప్పటికి తెలియదు.

మావారు విశాఖపట్నం వెళ్ళిన రోజు అది. స్ప్రే కొట్టుకున్నాక ఎప్పటిలాగే అన్నీ వచ్చాయి. అయితే ఛాతీ బరువు ఈసారి త్వరగా పోలేదు. దానికి తోడు ఎడమ భుజం దగ్గర ఒక పట్టు. మా నాన్నగారు చివరిరోజు భుజం పట్టుకున్న తీరు గుర్తొచ్చింది. చెమట పట్టింది. అది భయం వల్లో, ఇంకొకటో! పక్కింటివాళ్ళను లేపి, దగ్గరలో తెరిచి ఉన్న ఒక ఆసుపత్రికి వెళ్ళాను. ఇది నేను చూపించుకునే ఆసుపత్రి కాదు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరుకు మందు పేరు చెబితే, "ముక్కులో మందుకు గుండెలో బరువేమిటమ్మా?" అన్నాడు. పాపం, జలుబు స్ప్రే అనుకున్నాడు. పెట్టె తీసి చేతిలో పెట్టాను. అది చదివాక ముఖం మారింది. ఈసీజీ, గుండె కండరం దెబ్బతిందేమో రక్తంలో చూసే ట్రోపోనిన్ పరీక్ష, కొన్ని గంటల తరవాత రెండోసారి ట్రోపోనిన్. రెండూ మామూలుగానే వచ్చాయి. తెల్లవారాక పంపించారు. బిల్లు చూసినప్పుడు వచ్చిన ఛాతీ బరువుకు మాత్రం సుమట్రిప్టాన్ కారణం కాదు.

ఆ రాత్రి వెళ్ళటం అనవసరమని చుట్టాలు కొందరు అన్నారు. మా న్యూరాలజిస్టు గారు అలా అనలేదు. "మీకు వచ్చినది ప్రమాదం కాదని తేలింది. కాని తేలే దాకా అది ప్రమాదమే" అన్నారు. అప్పుడు నాకు ఒక హద్దు గీసి ఇచ్చారు. మెడ, దవడ, గొంతు, ఛాతీ పైభాగంలో బిగుతు మందు కొట్టిన కాసేపటికి వచ్చి, దానంతట అది పలచబడుతూ పోతే కంగారు పడనక్కరలేదు. అది తగ్గకుండా పెరుగుతున్నా, చేతిలోకి, భుజంలోకి దిగినా, ఊపిరి అందకపోయినా, చల్లని చెమట పట్టినా, మాట తడబడినా, ఒక పక్క బలహీనపడినా ఆలోచించకుండా ఆసుపత్రికి. ముఖం, పెదవులు వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా అంతే. ఈ నాలుగు మాటలూ మొదటిరోజే ఒక చీటీ మీద రాసి ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది! తరవాత గుండె డాక్టరు ఒకరు మళ్ళీ చూసి, వాడుకోవచ్చని చెప్పాకే స్ప్రే కొనసాగించాను. ఏడాదికోసారి ఆ పరీక్షలు మళ్ళీ చేయించుకుంటున్నాను.

ఇక గొంతు సంగతి. ఛాతీ బరువు అందరినీ భయపెడుతుంది, గొంతు బిగుతు నాలాంటివాళ్ళను ఇంకా ఎక్కువ భయపెడుతుంది. గొంతు చుట్టూ ఎవరో ఉత్తరీయం బిగించి కట్టినట్టు ఉండేది. గాలి ఆడుతోంది, మింగుడు పడుతోంది, అయినా బిగుతు. కచేరీ ఉన్న వారం స్ప్రే వాడాలంటే చేయి వెనక్కి పోయేది. చివరికి ఒకరోజు తలనొప్పి దిగుముఖం పట్టాక, బిగుతు ఇంకా ఉండగానే, గదిలో ఒక్కదాన్నే కూర్చుని మెల్లగా ఆధార షడ్జం పట్టాను. స్వరం నిలిచింది. మంద్ర పంచమం దాకా దిగాను, పైన తార షడ్జం అందుకున్నాను. గమకం ఆడింది. శ్రుతి ఎక్కడా జారలేదు. గొంతు బిగిసినట్టు నాకు అనిపిస్తోంది కాని, గొంతుకు ఆ సంగతి తెలియదు! ఇది డాక్టరు గారికి చెబితే ఆయన ముచ్చటపడి, ఊపిరితిత్తుల నిపుణులైనా ఇంత సున్నితమైన పరీక్ష చేయలేరన్నారు. పొగడ్తను అలా ఉంచితే, నాకు దీనివల్ల పెద్ద భయం తీరింది. గొంతు పాడయ్యేది బిగుతు వల్ల కాదు, కారే మందు వల్ల. చేదు కారిన రోజు గొంతు వెనక గరగరలాడుతుంది, ఆ రోజు పాడను.

మందు గొంతులోకి కారకుండా చేయవచ్చని నాకు నేర్పింది డాక్టరు కాదు, ఆ వార్డులో ఉన్న సీనియర్ సిస్టర్. మందుల షాపు కుర్రాడు పెట్టె ఇస్తూ, "తల బాగా వెనక్కి వాల్చి, గట్టిగా పీల్చండి మేడమ్" అని చెప్పాడు. ముక్కు చుక్కలకు చెప్పే మాటే దీనికీ చెప్పాడు. సిస్టర్ తల పట్టుకుని ఆపారు. "అలా పీలిస్తే మందంతా గొంతులోకి పోతుందమ్మా, కడుపులోకి పోతుంది. అప్పుడు మీకు టాబ్లెట్‌కీ దీనికీ తేడా ఏముంది?" అన్నారు. ఆవిడ చేయించిన పద్ధతి ఇది. ముందు ముక్కు చీదుకోవాలి. నిటారుగా కూర్చోవాలి, తల వాల్చకూడదు. ఒక రంధ్రం వేలితో మూసి, రెండో రంధ్రంలో స్ప్రే మొనను సుమారు ఒక సెంటీమీటరు లోపలికి పెట్టాలి. నోరు మూసుకుని, ముక్కుతో మామూలుగా ఊపిరి తీసుకుంటూ అడుగున ఉన్న మీట నొక్కాలి. ఆ తరవాత పదీ ఇరవై సెకన్లు ముక్కుతో మెల్లగా పీలుస్తూ, నోటితో వదలాలి. ఎగబీల్చకూడదు. ఒక్కో పరికరంలో ఒక్క డోసే ఉంటుంది కాబట్టి, పనిచేస్తోందో లేదో చూద్దామని ముందుగా గాలిలోకి నొక్కకూడదు. మా తోటికోడలు ఒకసారి నా చేతి నుంచి తీసుకుని 'ఇదెలా పనిచేస్తుంది' అని నొక్కింది. గది నిండా మందు, నా ముక్కులో మాత్రం ఏమీ లేదు.

సరిగ్గా కొట్టినా చేదు పూర్తిగా పోదు. కొంత మందు ఎలాగూ గొంతులోకి దిగుతుంది. సగమైనా తగ్గుతుంది. కొందరు నిమ్మ బిళ్ళ చప్పరిస్తారట. నాకు పనికొచ్చింది ఎండు ఉసిరి ముక్క. వాంతి వచ్చేలా ఉన్న రోజు అది కూడా వద్దు, ఊరికే పుక్కిలించి ఉమ్మేస్తాను. జలుబుతో ముక్కు దిబ్బడ వేసిన రోజున స్ప్రే అంతంతమాత్రంగానే పనిచేస్తుంది, మంట మాత్రం రెట్టింపు ఉంటుంది.

ఆసుపత్రిలో, చుట్టాల్లో నొప్పికి ముక్కు మందులు వాడినవాళ్ళను అడగటం తరవాత నాకొక అలవాటైపోయింది. 'నొప్పికి స్ప్రే' అని అందరూ ఒకే పేరు పెట్టి పిలుస్తారు కాని, లోపల ఉన్న మందులకు ఒకదానితో ఒకదానికి పోలికే లేదు. మా బావగారికి ఆపరేషన్ తరవాత నొప్పికి రాసినది బ్యుటార్ఫనాల్. అది నల్లమందు జాతికి చెందిన మందు. ఒక్కసారి కొట్టగానే నొప్పి పోయిందట, దానితో పాటు నేల కూడా పోయిందట. గది తిరుగుతోందని మంచం కోడు పట్టుకుని కూర్చున్నారు, తరవాత మరునాటి దాకా మగత. బండి నడపవద్దని ఎవరూ చెప్పలేదు, అదృష్టవశాత్తు ఆయనకు లేవాలనే అనిపించలేదు. ఆ మందు అలవాటు పట్టుకునే రకం. అమెరికాలో మొదట ఆంక్షలు లేకుండా అమ్మి, 1997లో నియంత్రిత మందుల జాబితాలోకి చేర్చారు. మిగిలిన సీసా మా అక్క పారబోసింది.

మా పిన్నిది ఇంకో కథ. స్నానాలగదిలో జారి వెన్నుపూస నలిగితే, ఆ నొప్పికి కొంతకాలం కాల్సిటోనిన్ స్ప్రే వాడారు. రోజుకు ఒక్క స్ప్రే, ఇవాళ కుడి ముక్కు అయితే రేపు ఎడమ. తెరవని సీసా ఫ్రిజ్‌లో ఉంచాలి. ఆవిడకు నొప్పి తగ్గింది, ముక్కు మాత్రం ఎండిపోయి, పొరలు కట్టి, అప్పుడప్పుడు నెత్తురు చుక్క కనిపించేది. అసలు గొడవ అది కాదు. అది సాల్మన్ చేప హార్మోనును పోలిన మందు అని ఎవరో ఆవిడ చెవిన వేశారు. పిన్ని ఉల్లిపాయ కూడా తినదు. అది ప్రయోగశాలలో తయారైనదే కాని చేపను కోసి తీసినది కాదని డాక్టరు చెప్పే దాకా రెండు రోజులు సీసా ముట్టలేదు. అయినా అది ఎక్కువకాలం వాడే మందు కాదు. దీర్ఘకాలం వాడినవారిలో క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతున్నట్టు తేలటంతో 2012లో యూరప్ మందుల సంస్థ ఎముకల గుల్లతనానికి ఆ స్ప్రేను వాడవద్దని తేల్చింది.

మళ్ళీ నా మందు దగ్గరికి వస్తాను. నేను భయపడిన దుష్ఫలితాలు వేరు, నిజంగా జాగ్రత్తపడవలసినవి వేరు. ఒకటి, నా చేతిసంచిలో ఎప్పటి నుంచో పడి ఉన్న పాత తలనొప్పి మాత్రలు. అవి అడగగానే షాపుల్లో ఇచ్చేవి. వాటిలో ఎర్గటమిన్ ఉంది. అది కూడా రక్తనాళాలను బిగించేదే. ఆ మాత్ర వేసుకున్న 24 గంటల లోపు ఈ స్ప్రే కొట్టకూడదు, స్ప్రే కొట్టాక 24 గంటల లోపు ఆ మాత్ర వేసుకోకూడదు. డాక్టరు గారు నా సంచిలో ఉన్నవన్నీ బల్ల మీద పెట్టమన్నప్పుడు కాని ఇది బయటపడలేదు. దిగులుకు, ఆందోళనకు మందులు వాడుతున్నవారు కూడా ఆ సంగతి దాచకుండా చెప్పాలి. వాటిలో కొన్నింటితో ఇది కలిస్తే సెరటోనిన్ మోతాదు మించి ఒణుకు, జ్వరం, గుండెదడ, గందరగోళం రావచ్చు. మన దగ్గర ఆ మందుల పేరు ఇంట్లోవాళ్ళ ముందు చెప్పటానికే సిగ్గుపడతారు. డాక్టరు ముందైనా చెప్పండి.

రెండోది లెక్క. 24 గంటల్లో 20 మిల్లీగ్రాముల డోసు రెండింటికి మించకూడదు, వాటి మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. అదీ మొదటి డోసుకు తగ్గి, తిరగబెడితేనే. నాకు పగలు తగ్గి రాత్రి తిరగబెట్టటం మామూలే, ఎందుకంటే ఈ మందు ఒంట్లో ఎక్కువసేపు ఉండదు. మొదటి డోసుకు అసలు కదలనే లేదంటే అదే నొప్పికి రెండోది కొట్టి లాభం లేదు. ఇక నెలలో పది రోజులు, అంతకు మించి వాడటం మొదలైతే మందే తలనొప్పి తెచ్చిపెడుతుంది. నేను గోడ మీది తెలుగు క్యాలెండరులో స్ప్రే వాడిన రోజు తిథి పక్కన ఎర్ర చుక్క పెడుతున్నాను. ఎర్ర చుక్కలు పెరిగిన నెలలో డాక్టరు గారు రోజూ వేసుకునే నివారణ మాత్ర మొదలుపెట్టారు, తరవాత చుక్కలు తగ్గాయి.

మూడోది మా ఊరి ఎండ. ఈ మందును 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని ఉంది. మే నెలలో రాజమండ్రిలో పగలు 30 డిగ్రీలు దొరకటం కష్టం. చేతిసంచిలో పెట్టుకుని ఎండలో తిరిగితే చెప్పనే అక్కరలేదు. వేసవిలో ఫ్రిజ్ తలుపు అరలో పెడుతున్నాను, గడ్డకట్టే అరలో పెట్టకూడదు. ప్రయాణాలకు చిన్న చల్లని డబ్బా తీసుకువెళతాను. రైల్లో అది చూసి మామిడిపండ్లా అని అడిగినవాళ్ళున్నారు.

ఇంత చదివాక ఇది వాడవచ్చా వద్దా అని మీరు అడిగితే, నేను వాడుతూనే ఉన్నాను. అమెరికాలో సుమట్రిప్టాన్‌కు ఇంజెక్షన్‌గా 1992 చివరలో, ముక్కు స్ప్రేగా 1997లో అనుమతి వచ్చింది. అంటే ఇది నిన్న మొన్నటి మందు కాదు, దీని గుణదోషాలు డాక్టర్లకు తెలుసు. మనకు చేరటంలోనే ఆలస్యం. అందరికీ పనిచేయదు. రెండు గంటల్లో ఉపశమనం దొరికేది పది మందిలో సుమారు ఆరుగురికి. ఖరీదు టాబ్లెట్ కంటే చాలా ఎక్కువ. అయితే చీకటి గదిలో బకెట్టు పక్కన పెట్టుకుని రెండు రోజులు పడి ఉండటానికీ, కాసేపు చేదు మింగి సాయంత్రం క్లాసు చెప్పటానికీ తేడా నాకు తెలుసు. భయపడి ఆలస్యం చేసిన రోజున అది సరిగ్గా పనిచేయదని కూడా గమనించాను. కణత కొట్టుకోవటం మొదలైన వెంటనే కొడితేనే ఫలితం.

ఛాతీ బరువు రాత్రి గురించి నేనొక ఫారం కూడా నింపాను. మందుల దుష్ఫలితాలను రోగులే నేరుగా తెలియజేయవచ్చని చాలామందికి తెలియదు. దీనికి భారత ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం, అంటే మందుల దుష్ఫలితాల మీద నిఘా ఉంచే కార్యక్రమం, ఉంది. దాని కేంద్రం గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌లో ఉంది. 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. రోగులు నింపే ఫారం తెలుగులో కూడా దొరుకుతుంది. ఏ మందు, ఎంత డోసు, ఎప్పుడు మొదలైంది, ఏమైంది, ఎలా తగ్గింది, ఇవే ప్రశ్నలు. 'ఏమైంది' అన్నచోట ముందు ఛాతీ బరువు, భుజం పట్టు రాసి, జాగా మిగిలితే చేదు గురించి కూడా రాశాను. బ్యాచ్ నంబరు, గడువు తేదీ అడుగుతారు, కాబట్టి స్ప్రే వాడేశాక అట్టపెట్టె పారేయకండి.